కేసీ మస్‌గ్రేవ్స్ ‘స్టార్-క్రాస్డ్’ని విమర్శకులు ఎందుకు ఆచితూచి మెచ్చుకున్నారు? ఇప్పుడు వినొచ్చా?

మీరు రెండు సంగతులు అడిగారు. కంట్రీ (అమెరికా పల్లెపట్టు సంగీతం) గాయని కేసీ మస్‌గ్రేవ్స్ ప్రేమ ఆల్బమ్ ‘గోల్డెన్ అవర్’ని నెత్తిన పెట్టుకున్న విమర్శకులే ఆమె విడాకుల ఆల్బమ్ ‘స్టార్-క్రాస్డ్’ దగ్గరికి వచ్చేసరికి ఎందుకంత ఆచితూచి రాశారు, ఈ మధ్యే విడిపోయిన మనిషి ఆ ఆల్బమ్ వినొచ్చా అని. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: వినండి. మొదటిదానికి మాత్రం కాస్త పొడుగ్గా చెప్పాలి. నేనుండేది డాలస్ పక్కన. ఈ ఆల్బమ్ వచ్చిన రోజుల్లోనే నా విడాకుల కాగితాలూ నడుస్తున్నాయి. కాబట్టి పాటల గురించి చెబుతూ నా గురించి చెప్పకుండా ఉండలేను.

ముందు వరస చెప్తాను, ఎందుకంటే రివ్యూలన్నీ ఈ వరసనే పట్టుకుని నడిచాయి. కేసీ మస్‌గ్రేవ్స్‌ది తూర్పు టెక్సస్‌లో గోల్డెన్ అనే చిన్న ఊరు. ఏటా చిలగడదుంపల పండగ చేసుకుంటారక్కడ. 2013లో వచ్చిన ‘సేమ్ ట్రైలర్ డిఫరెంట్ పార్క్’కి ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. చిన్న ఊళ్లలో మనుషులు ఎందుకు తొందరపడి పెళ్లిళ్లు చేసుకుంటారో, ఎందుకు అక్కడే ఉండిపోతారో నాలుగు లైన్లలో తేల్చేసే పదునైన రాతతో ఆమెకి పేరొచ్చింది. 2017 అక్టోబర్‌లో రస్టన్ కెల్లీని పెళ్లి చేసుకుంది. అతనూ సొంత పాటలు రాసుకుని పాడే మనిషే. ఆ ప్రేమలోంచే 2018 మార్చిలో ‘గోల్డెన్ అవర్’ వచ్చింది. కంట్రీ రేడియో పెద్దగా పట్టించుకోకపోయినా 2019 ఫిబ్రవరిలో గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ దానికే దక్కింది. 2020 జూలైలో విడిపోతున్నట్టు ఇద్దరూ కలిసే ప్రకటించారు. 2021 సెప్టెంబర్ 10న ‘స్టార్-క్రాస్డ్’ వచ్చింది. మూడంకాల విషాద నాటకంలా అమర్చిన 15 పాటలు, వాటికి తోడు ఒక సినిమా. ప్రొడ్యూసర్లు ‘గోల్డెన్ అవర్’కి పనిచేసిన డేనియల్ టాషియన్, ఇయన్ ఫిచకే.

రివ్యూలు చెడ్డగా ఏమీ రాలేదు. ఎక్కువమంది బాగుందనే రాశారు. ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో 3వ స్థానంలో, కంట్రీ ఆల్బమ్‌ల చార్టులో మొదటి స్థానంలో దిగింది. కాకపోతే మెచ్చుకున్నవాళ్లు కూడా చివరికి ఒక అసంతృప్తి దగ్గర తేలారు. పాత ఆల్బమ్‌లో ఉన్న మాయ ఇందులో లేదన్నారు. మాటలు మరీ మామూలుగా ఉన్నాయి, డైరీలో రాసుకున్నట్టున్నాయి, ఒకప్పటి చమక్కు ఏదీ అన్నారు. విషాద నాటకం అని చెప్పి కోపం లేదు, కన్నీళ్లు కట్టలు తెంచుకోలేదు, ఇంత ప్రశాంతంగా విడిపోతారా అన్నట్టు రాశారు. మీరు చదివిన రివ్యూల్లోనూ ఇదే ధోరణి కనిపించి ఉంటుంది.

నా ఉద్దేశంలో ఈ అసంతృప్తిలో సగం పాటల మీద కాదు, పెళ్లి మీద.

ఇది నేను ఊరికే అనట్లేదు. నా సంగతి బయటికి పొక్కాక వచ్చిన ఫోన్లన్నిటిలోనూ ప్రశ్న ఒకటే: అసలేం జరిగింది? పిన్నులు, అత్తయ్యలు, కాలేజీ స్నేహితులు, గుడిలో కలిసే ఆంటీలు, అందరికీ ఒక కారణం కావాలి. తాగుతాడా? చెయ్యి చేసుకున్నాడా? ఇంకెవరైనా ఉన్నారా? ఇవేవీ కాదంటే నమ్మరు. “మరి అంతమాత్రానికే విడిపోతారామ్మా?” అంటారు. నేను ఏడిస్తే ఓదార్చడానికి సిద్ధంగా ఉన్నవాళ్లే, నేను మామూలుగా మాట్లాడుతుంటే ఇబ్బంది పడేవాళ్లు. ‘స్టార్-క్రాస్డ్’ రివ్యూలు చదువుతుంటే నాకు ఆ ఫోన్లే గుర్తొచ్చాయి. ఆ పెళ్లి ఎందుకు చెడిందో ఆల్బమ్ చెప్పదు. ఫలానా రోజున ఫలానాది జరిగిందని ఒక్క పాటలోనూ ఉండదు. ఉన్నదల్లా రోజువారీ సంగతులే: మంచి భార్యగా ఉండటానికి ఓపిక ఇవ్వమని దేవుణ్ణి అడగడం, సర్దుకుపోవడం, అలిసిపోవడం, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా అనిపించడం. కారణం కోసం వెతికే మనిషికి ఇవన్నీ పలచగానే అనిపిస్తాయి. అందులో ఉన్న మనిషికి మాత్రం, ఇంతకన్నా వివరంగా చెప్పడానికి ఏముంటుంది అనిపిస్తుంది.

మనకి ఈ బాధ తక్కువ, ఒక రకంగా. మన భగ్నప్రేమ పాటలన్నీ దాదాపు సినిమాల్లోంచే వచ్చాయి. రాసేది ఒకరు, పాడేది ఒకరు, తెర మీద ఏడ్చేది ఇంకొకరు. ‘దేవదాసు’ పాటలు వింటూ ఘంటసాల సంసారం ఎలా ఉందని ఎవరూ అడగలేదు. నిజానికి కంట్రీ సంగీతంలోనూ చాలాకాలం అలాగే ఉండేది. 1968లో గాయని టామీ వైనెట్ పాడిన ప్రసిద్ధ విడాకుల పాట రాసింది ఆమె కాదు, బాబీ బ్రాడాక్, కర్లీ పట్‌మన్ అనే ఇద్దరు మగవాళ్లు. పిల్లాడికి తెలియకుండా విడాకులు అన్న మాటని అక్షరం అక్షరంగా పలికే తల్లి అందులో ఒక పాత్ర. ఆ పాత్రని నమ్మించిందా లేదా అన్నదే అక్కడ లెక్క. తమ పాట తామే రాసుకుని పాడేవాళ్లు వచ్చాక లెక్క మారింది. ఇప్పుడు వినేవాడు పాటని పాడిన మనిషి జీవితంతో పోల్చి మార్కులేస్తున్నాడు.

అలా వేసిన మార్కులు ఎంత త్వరగా మారిపోతాయో చూడాలంటే 1975 జనవరిలో వచ్చిన బాబ్ డిలన్ ‘బ్లడ్ ఆన్ ద ట్రాక్స్’ చూడండి. భార్య సారాతో కాపురం చెడుతున్న రోజుల్లో చేసిన ఆల్బమ్ అది, విడాకులు 1977లో అయ్యాయి. ఈ రోజు విడిపోవడం మీద వచ్చిన ఆల్బమ్‌లన్నిటికీ దాన్నే కొలబద్దగా పెడతారు. కానీ వచ్చిన కొత్తలో రోలింగ్ స్టోన్ పత్రికలో జాన్ లాండౌ రికార్డింగ్ నాసిగా, అశ్రద్ధగా ఉందని రాశాడు. ఇంగ్లాండ్‌లో నిక్ కెంట్ అయితే వెనక వాయిద్యాలు ప్రాక్టీసు చేస్తున్నట్టున్నాయన్నాడు. అదే రోలింగ్ స్టోన్ 2020లో వేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దానికి 9వ స్థానం. డిలన్ 1975లోనే ఒక రేడియో ఇంటర్వ్యూలో, ఇంత బాధని జనం ఎలా ఆనందిస్తున్నారో తనకి అర్థం కావట్లేదన్నాడు.

నాకు మాత్రం కేసీకి ఇంకా దగ్గరగా అనిపించేది రోజాన్ క్యాష్ సంగతి. కంట్రీ దిగ్గజం జానీ క్యాష్ కూతురు, తనూ గాయనే. 1987లో వచ్చిన ‘కింగ్స్ రికార్డ్ షాప్’ నుంచి వరసగా నాలుగు పాటలు కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లాయి. 1990లో ‘ఇంటీరియర్స్’ చేసింది. దాన్ని తనే ప్రొడ్యూస్ చేసుకుంది. నెమ్మదిగా, ఎక్కువగా అకూస్టిక్ వాయిద్యాలతో, కాపురంలో పగుళ్ల గురించి. విమర్శకులు బాగా మెచ్చారు. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో ఆమె రికార్డు కంపెనీకి మాత్రం దాన్ని రేడియోకి ఎలా అమ్మాలో తోచలేదు, నాలుగు నంబర్ వన్‌ల తర్వాత ఈ ఆల్బమ్‌కి అలాంటి హిట్ ఒక్కటీ రాలేదు. ఆమె తనని న్యూయార్క్ విభాగానికి మార్చమని అడిగి వెళ్లిపోయింది. భర్త రాడ్నీ క్రోవెల్‌తో విడాకులు 1992లో. కాపురం ఇంకా నిలబడి ఉండగానే పాటలు ముందు చెప్పేశాయన్నమాట. గొంతు పెంచకుండా పాడిన ఆడమనిషి విడాకుల పాటలని సంగీత వ్యాపారం ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోవడం అప్పుడూ ఉంది, ముప్పై ఏళ్ల తర్వాతా ఉంది.

ఇక మాటలు మరీ మామూలుగా ఉన్నాయన్న విమర్శ. దీనికి ‘బ్రెడ్‌విన్నర్’ పాటనే ఎక్కువగా ఉదాహరణగా తీసుకుంటారు. సంపాదించే ఆడదాన్ని కావాలనుకుని, ఆ సంపాదన తన గొప్పకి అడ్డొచ్చేసరికి ముడుచుకుపోయే మగవాడి గురించి పాట. మరీ సూటిగా, హెచ్చరిక బోర్డులా ఉందని కొందరికి నచ్చలేదు. నా కథ చెప్తాను. నాది ఉద్యోగం చేసుకునే హెచ్-1 వీసా, నా భర్తది దాని మీద ఆధారపడిన హెచ్-4. హైదరాబాద్‌లో టీమ్ లీడ్‌గా చేసి వచ్చిన మనిషి. గ్రీన్ కార్డు కోసం పెట్టిన నా ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయ్యి, అతనికి వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఇక్కడ ఉద్యోగం చేసే వీల్లేదు. మొదట్లో ఇండియన్ స్టోర్‌కి వెళ్తే బిల్లు దగ్గర కార్డు నా చేతిలోంచి తీసుకుని అతనే స్వైప్ చేసేవాడు. కొన్నాళ్లకి సరుకులు బండిలో వేసి బిల్లు టైముకి బయటికి వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత కారు దిగడమే మానేశాడు. పార్కింగ్‌లో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే నేను బియ్యం బస్తా తోసుకుంటూ వచ్చేదాన్ని. ఇందులో ఎవరి తప్పూ లేదని నేననను, మొత్తం అతని తప్పనీ అనను. కానీ ఆ ఇంట్లో మేమిద్దరం ఒక్కసారి కూడా పైకి అనని మాట ఒకటుంది. ఆ మాటని ఒక టెక్సస్ అమ్మాయి డాన్స్ బీట్ మీద తిన్నగా పాడేసింది. చమత్కారంగా చుట్టి చెప్పి ఉంటే విమర్శకులకి నచ్చేదేమో, నాకు మాత్రం తగిలేది కాదు.

‘కెమెరా రోల్’ దగ్గర మాత్రం విమర్శకులూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం. ఆల్బమ్‌లో ఎక్కువమంది ఎత్తి చూపించిన పాట అది, 2022 గ్రామీల్లో రెండు కంట్రీ విభాగాల్లో నామినేట్ అయింది. గిటార్, గొంతు, ఇంక పెద్దగా ఏమీ ఉండదు. విడిపోయాక ఫోన్లో ఫోటోలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్లడమే పాట. పాత బొమ్మల జోలికి పోవద్దని తనకి తనే చెప్పుకుంటూ పోతూనే ఉంటుంది. అందులో ఒక గమనిక ఉంది: చెడ్డ క్షణాలకి ఎవరూ ఫోటో తీయరు. నా ఫోన్ దానంతటదే పాత ఫోటోలు కట్టగట్టి, వెనకాల మ్యూజిక్ పెట్టి చూపించేది. ఒకసారి గృహప్రవేశం వచ్చింది. ఎలక్ట్రిక్ పొయ్యి మీద పాలు పొంగి గాజు మీద మాడిపోతుంటే అందరం నవ్వుతున్నాం, అతని చేతిలో నా చీర కొంగు ఉంది, గిన్నె దించడానికి పట్టుకున్నది. చూడముచ్చటైన ఫోటో. ఆ రాత్రి ఎవరి పేరు మీద లోన్ అన్న మాట మీద తెల్లారేదాకా మాట్లాడుకోలేదు, దానికి ఫోటో లేదు. ఫోన్ ప్రకారం మేము అయిదేళ్లు నవ్వుతూనే ఉన్నాం. ఈ చిక్కుని ఇంత తేలిక మాటల్లో పట్టుకున్న పాట నాకు ఇంకోటి తెలియదు. ఇందులోవీ మామూలు మాటలే, ‘బ్రెడ్‌విన్నర్’లోవీ మామూలు మాటలే. ఒకచోట సరళత అని మెచ్చి, ఇంకోచోట పలచన అని తీసిపారేయడం నాకు న్యాయంగా తోచదు.

విమర్శకుల మాట నిజమైన చోట్లూ ఉన్నాయి. ‘కీప్ లుకిన్ అప్’, ‘వాట్ డజంట్ కిల్ మీ’ పాటలు ధైర్యం చెప్పే కార్డుల మీద వాక్యాల్లా ఉంటాయి, నాకు ఎన్నిసార్లు విన్నా ఏమీ మిగలదు. మూడంకాల నాటకం అన్న కట్టడం కాగితం మీదే ఉంది. మొదటి పాటలో కోరస్ గొంతులతో గంభీరంగా తెర తీస్తారు, ఆ తర్వాత ఎక్కడ అంకం మారిందో చెవికి తెలియదు. అంత పెద్ద పేరు పెట్టకుండా ఉత్త పాటల దండగా ఇచ్చి ఉంటే, ఇంత తక్కువ గొంతుతో విషాదమా అని అడిగే అవకాశం ఉండేది కాదు. సినిమా రంగురంగుల దుస్తులతో చూడటానికి బాగుంటుంది గానీ, ఈ పాటల్లో ఉన్న ఇంటి వాతావరణం దాంట్లో పోయింది. పాటలు మీ మనసుకి పట్టాక చూడండి, ముందు వద్దు.

ఇది కంట్రీ కాదు అన్న వాదన కూడా ఒకటుంది. అది రివ్యూల్లోంచి కాక గ్రామీ కమిటీ నుంచి పెద్దదైంది. 2021 అక్టోబర్‌లో ఈ ఆల్బమ్‌ని కంట్రీ విభాగానికి పనికిరాదని పాప్ విభాగంలోకి మార్చారు. నాష్‌విల్‌లో కేసీ రికార్డు కంపెనీకి అప్పటి అధ్యక్షురాలు సిండీ మేబ్ అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాసింది. ‘గోల్డెన్ అవర్’ని ఉత్తమ కంట్రీ ఆల్బమ్ అన్నది మీరే కదా, అదే బృందం చేసిన ఇది ఎలా కాకుండా పోయిందన్నది ఆమె వాదన. ఆల్బమ్‌కి పాప్ విభాగంలో నామినేషన్ రాలేదు, అందులోని ‘కెమెరా రోల్’ మాత్రం కంట్రీ పాటగానే నామినేట్ అయింది. నన్నడిగితే ఇది కంట్రీ, ఫోక్ రాతకి పాప్ రంగు వేసిన ఆల్బమ్. మాట ముందు, సంగీతం వెనక, చెప్పేది మామూలు ఇంటి సంగతి. ఆ గుణం కేసీకి ఎక్కణ్ణుంచి వచ్చిందో గోల్డెన్, మినియోలా వైపు ఒకసారి కారేసుకుని వెళ్తే తెలుస్తుంది.

చివరి పాట గురించి చాలా రివ్యూలు ఒక్క వాక్యంతో సరిపెట్టాయి, అది నాకు బాధ. జీవితానికి కృతజ్ఞతలు చెప్పే ‘గ్రాసియాస్ ఎ లా విదా’ అది. చిలీ జానపద గాయని వియొలెటా పర్రా రాసిన పాట, 1966లో వచ్చింది. 1967 ఫిబ్రవరిలో ఆమె ఆత్మహత్య చేసుకుంది. లాటిన్ అమెరికా అంతా ఆ పాటని అర్జెంటీనా గాయని మెర్సెడెస్ సోసా గొంతులో పాడుకుంది. కేసీ స్పానిష్‌లోనే పాడింది. మొదట పాత గ్రామఫోన్ రికార్డులా గీతల చప్పుడుతో మొదలై, పోనుపోను గొంతు యంత్రంలో కరిగిపోతుంది. విడాకుల ఆల్బమ్‌కి ఇదేం ముగింపు అని కొందరికి అనిపించింది. రాసిన మనిషి ఏమైందో తెలిసి వింటే అది తేలిక ముగింపు కాదు. కృతజ్ఞత చెప్పడం, గండం గట్టెక్కడం ఒకటి కావని తెలిసినవాళ్ల పాట అది. దీనికి ముందు ‘దేర్ ఈజ్ ఎ లైట్’లో వచ్చే ఫ్లూట్‌ని కూడా వదలకండి, ఆల్బమ్ మొత్తంలో సంగీతం తనంతట తాను నవ్విన చోటు అదొక్కటే.

మీరెలా వినాలో చెప్తాను. ఈ వారంలోనే అయితే ‘గుడ్ వైఫ్’, ‘ఏంజెల్’, ‘ఈజియర్ సెడ్’ వినండి. ‘ఏంజెల్’ ఒక్కటే గిటార్ మీద నడిచే చిన్న పాట, నిద్ర పట్టనప్పుడు వినేది. ‘జస్టిఫైడ్’ కారులో బాగుంటుంది. పొద్దున నవ్వు, మధ్యాహ్నం ఏడుపు, సాయంత్రం ద్వేషం, మళ్లీ ప్రేమ, ఇలా మీకు జరుగుతుంటే పిచ్చెక్కుతోందని కంగారు పడక్కర్లేదని ఆ పాటకి తెలుసు. ‘కెమెరా రోల్’ని మాత్రం ఫోన్ ఇంకో గదిలో పెట్టి స్పీకర్ మీద వినండి, ఇది మాత్రం నా మాట వినండి. తర్వాత ఎప్పుడైనా ‘ఇంటీరియర్స్’ వినొచ్చు. కేసీయే 2024లో చేసిన ‘డీపర్ వెల్’ కూడా బాగుంటుంది. మళ్లీ అకూస్టిక్ గిటార్ల దగ్గరికి వచ్చింది అందులో, రివ్యూలూ ఊపిరి పీల్చుకున్నట్టు ఉన్నాయి.

ఒకటి మిగిలింది. రస్టన్ కెల్లీ కూడా విడాకుల తర్వాతి రోజుల గురించి 2023లో ‘ద వీక్‌నెస్’ అనే ఆల్బమ్ చేశాడు. మంచి ఆల్బమ్, అతనూ ఎవరి మీదా నేరం మోపలేదు. నేను కూడా చాలాకాలం ఆగాకే విన్నాను. మీరు ఇప్పుడప్పుడే అటు వెళ్లకండి.